బర్త్ సర్టిఫికెట్ లేదని బడి గేటు దగ్గర ఆగిపోకండి: ఆదోని వైపు తల్లిదండ్రులకు

జూన్ 12న బళ్లు తెరుస్తారు. ఆదోని, కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు ఒకటో తరగతిలో చేర్పించడానికి వచ్చే తల్లుల్లో ఆధార్ జిరాక్సు ఒక్కటే తెచ్చుకునేవాళ్లు చాలామంది. బర్త్ సర్టిఫికెట్ అడిగితే కొందరు అక్కడి నుంచే వెనక్కి మళ్లుతారు. ఆ తర్వాత ఎవరో ఒకరు 'నేను చేయించి పెడతా, ఇంత ఇవ్వు' అంటూ తగులుకుంటారు. కూలి డబ్బులు అట్లా పోగొట్టుకోవద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందుగా తెలుసుకోవాల్సింది, వయసు పత్రం లేదన్న కారణంతో ఏ బడీ పిల్లలకు అడ్మిషన్ నిరాకరించకూడదు. విద్యాహక్కు చట్టం 2009లోని 14వ సెక్షన్ ఈ మాటే చెబుతుంది. ఆసుపత్రి లేదా ఏఎన్‌ఎం రికార్డు, అంగన్‌వాడీ రికార్డు, అవీ లేకపోతే వయసు గురించి తల్లిదండ్రులు ఇచ్చే ప్రమాణపత్రం సరిపోతాయి. బిడ్డను ముందు బడిలో కూర్చోబెట్టండి. కాగితం తర్వాత తెచ్చి ఇవ్వొచ్చు.

చేర్పించే పని పెద్దదేమీ కాదు. హెడ్మాస్టర్ ఇచ్చే దరఖాస్తు నింపి, బిడ్డ ఆధార్, తల్లి ఆధార్, తల్లి బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు, ఫొటోలు జతచేస్తే చాలు. వేరే బడి నుంచి వస్తుంటే టీసీ కావాలి. అది ఆలస్యమైనా అడ్మిషన్ ఆపకూడదు. సర్కారు బడిలో దీనికి రూపాయి ఫీజు లేదు.

అయితే బర్త్ సర్టిఫికెట్ మాట వదిలేయకండి. అడ్మిషన్ రిజిస్టరులో రాసిన పేరు, తేదీలే పదో తరగతి సర్టిఫికెట్ దాకా వెళతాయి. పైగా 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకు, మారిన చట్టం ప్రకారం, బడిలో చేర్చడానికి పుట్టిన తేదీ రుజువు బర్త్ సర్టిఫికెట్టే. మీ ఇంట్లో చంటిబిడ్డ ఉంటే ఇప్పుడే చూసుకోండి.

మన వైపు ఎక్కువమంది తడబడేది ఒక్కచోటే. జననం నమోదయ్యేది బిడ్డ పుట్టిన చోట. అమ్మానాన్నల సొంతూరులో కాదు, రేషన్ కార్డు ఉన్న ఊళ్లోనూ కాదు. సుగ్గికి, అంటే వలస కూలికి, గుంటూరు వైపు మిరపకోతకు పోయినప్పుడు అక్కడే కానుపైన బిడ్డలున్నారు. నొప్పులు ఎక్కువై బళ్లారికో రాయచూరుకో తీసుకుపోతే అక్కడి ఆసుపత్రిలో పుట్టిన బిడ్డలున్నారు. పుట్టింట్లో కానుపు సరేసరి. ఇక్కడి సచివాలయంలో వెతికితే ఆ పేర్లు దొరకవు. 'రికార్డు లేదు' అంటారు. ఆ మాటకు అర్థం ఇక్కడ లేదని మాత్రమే, అసలు నమోదే కాలేదని కాదు. ఆసుపత్రిలో కానుపైతే చాలావరకు అక్కడ నమోదై ఉంటుంది.

మధ్యవర్తులు పట్టుకునేది ఈ అయోమయాన్నే. 'ఇంట్లోనే పుట్టాడని రాయిద్దాం, లేటు రిజిస్ట్రేషన్ పెడదాం' అంటారు. దయచేసి ఒప్పుకోవద్దు. తప్పుడు వివరం ఇవ్వడం చట్టప్రకారం నేరం. పైగా ఒకే బిడ్డకు రెండు చోట్ల రెండు తేదీలతో రెండు నమోదులు పడితే, రేపు పాస్‌పోర్టుకో ఉద్యోగానికో పోయినప్పుడు ఇబ్బంది పడేది ఆ బిడ్డే.

కాబట్టి మొదట తల్లీబిడ్డల కార్డు, డిశ్చార్జి కాగితం వెతకండి. ఆసుపత్రి పేరు, తేదీ, తల్లి పేరు ఎట్లా రాశారో చూడండి. తల్లి పేరు ఆసుపత్రిలో ఇంటిపేరు లేకుండానో, ముద్దుపేరుతోనో రాసి ఉంటే రికార్డు ఉన్నా దొరకదు. అక్కడ రాసిన పేరుతోనే వెతకమని అడగాలి. ఆంధ్రలో ఎక్కడ పుట్టినా ముందు దగ్గర్లోని మీసేవలో గానీ సచివాలయంలో గానీ అడగండి. కర్ణాటకలో పుడితే ఆ ఆసుపత్రిలో గానీ అక్కడి జనన మరణాల నమోదు ఆఫీసులో గానీ అడగాలి. సర్టిఫికెట్ కన్నడంలో ఉన్నా దేశమంతా చెల్లుతుంది. మన బడిలో కాదనడానికి లేదు.

సర్టిఫికెట్ దొరికినా బిడ్డ పేరు గడి ఖాళీగా ఉందని కంగారు పడేవాళ్లూ ఉన్నారు. పేరు పెట్టకముందే నమోదు జరిగితే అట్లాగే ఉంటుంది. జననం నమోదైన చోటే దరఖాస్తు ఇచ్చి పేరు చేర్పించుకోవచ్చు. ఏడాది లోపు ఉచితం, ఆ తర్వాత కొద్ది రుసుముతో 15 ఏళ్ల దాకా వీలుంది.

నిజంగానే ఎక్కడా నమోదు కాకపోతే, అంటే ఇంట్లోనే కానుపై ఎవరూ చెప్పకపోతే, అప్పుడే ఆలస్య నమోదు. ఏడాది దాటితే ఆర్డీవో ఉత్తర్వు కావాలి. రికార్డు లేదని పుట్టిన చోట పత్రం తీసుకుని, మీసేవలో దరఖాస్తు పెడితే విచారణ జరుగుతుంది. రసీదు భద్రం చేసుకోండి. దరఖాస్తు ఎంతవరకు వచ్చిందో దాంట్లోని నంబరుతోనే తెలుస్తుంది. విచారణకు వచ్చినవాళ్లకు అంగన్‌వాడీ రికార్డు, టీకాల కార్డు చూపిస్తే పని సులువవుతుంది.

ఆధార్ సరిచేయడం ఆ తర్వాతే. ముందు బర్త్ సర్టిఫికెట్, దాని ప్రకారం ఆధార్, ఆ రెంటి ప్రకారం బడి రిజిస్టరు. ఇది వివరాలు సరిచేసుకునే వరస, దీనికోసం అడ్మిషన్ ఆపొద్దు. ఈ వరస మాత్రం తారుమారు చేయకండి. ఆధార్‌లో పుట్టిన తేదీని మామూలుగా ఒక్కసారే మార్చనిస్తారు. విద్యార్థికి ఇచ్చే గుర్తింపు సంఖ్య అయిన అపార్ నంబరు రావాలంటే బడిలో రాసిన పేరు ఆధార్‌తో సరిపోవాలి. ఐదేళ్లు నిండిన బిడ్డకు వేలిముద్రలు వేయించడం కూడా మరవొద్దు. ఏడేళ్లలోపు అది ఉచితం.

సుగ్గికి పోయేటప్పుడు టీసీ తీసుకుని పిల్లల్ని వెంటబెట్టుకుపోకండి. వలస పోయేవాళ్ల పిల్లలు ఉండి చదువుకునే సీజనల్ హాస్టల్ గురించి హెడ్మాస్టర్‌ను ముందే అడగండి. అవ్వాతాతల దగ్గర ఉంచినా బడి మానిపించొద్దు. ప్రాథమిక బడిలో 60 మంది దాకా ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 దాకా ముగ్గురు ఉండాలని విద్యాహక్కు చట్టం లెక్క. రిజిస్టరులో ఉన్న మీ బిడ్డ పేరు మిగతా పిల్లలకూ టీచరును తెస్తుంది.

పత్రం లేదని అడ్మిషన్ ఇవ్వకపోతే మండల విద్యాధికారి (ఎంఈవో)కి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. అక్కడా కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టి, దానికీ రసీదు తీసుకోండి.