డాన్స్ ఫెస్టివల్‌కి వేరే ఊరు వెళ్తున్నారా? ముందు గది సంగతి చూడండి

టికెట్లు కొనేముందు ఫెస్టివల్ షెడ్యూల్ ఎదురుగా పెట్టుకోండి. మొదటి క్లాసు ఎన్నింటికి, చివరి రోజు ప్రోగ్రాం ఎన్నింటికి అయిపోతుంది అనేవి తెలిస్తేనే ప్రయాణం తేలుతుంది. నేనైతే ఒకరోజు ముందే దిగుతాను. రాత్రంతా సీట్లో ముడుచుకుని వచ్చిన కాళ్లు పొద్దున్నే క్లాసులో మాట వినవు.

గది మాత్రం వేదికకి నడిచి 15 నిమిషాల్లో చేరేలా ఉండాలి. దూరంగా ఉన్నది చవగ్గానే కనిపిస్తుంది. కానీ చెమటకి తడిసిన బట్టలు మార్చుకోవడానికి, సాయంత్రం కాసేపు నడుం వాల్చడానికి రోజుకి రెండుసార్లయినా గదికి రావాల్సి ఉంటుంది. ఒకసారి దూరంగా తీసుకున్నాను. అర్ధరాత్రి ప్రోగ్రాం అయ్యాక క్యాబ్ దొరక్క, షూస్ సంచి పట్టుకుని 40 నిమిషాలు వేదిక గేటు దగ్గరే నిలబడ్డాను. అప్పటినుంచి బుక్ చేసేముందు ఫోన్ చేసి, ‘రాత్రి ఒంటిగంటకి వస్తే తలుపు తీస్తారా?’ అని అడుగుతున్నాను.

గది పంచుకునేవాళ్లతో డబ్బులు, నిద్ర వేళలు ముందే మాట్లాడుకోండి. ఎవరైనా ఆగిపోవచ్చు, అందుకే రద్దు చేస్తే డబ్బు వెనక్కి వచ్చే బుకింగే మేలు.

డాన్స్ షూస్, మొదటిరోజు డ్రెస్ చేతి బ్యాగులోనే ఉండాలి. పెద్ద సూట్‌కేస్ ఆలస్యమైనా టెన్షన్ ఉండదు. చివరిరోజు పొద్దున్నే గది ఖాళీ చేయాల్సి వస్తే, సామాను రాత్రిదాకా ఉంచుతారేమో కనుక్కోండి. తిరుగు టికెట్ మర్నాటికి తీసుకోండి.