డాక్యుమెంటేషన్‌కి ఏ మార్కప్? విభక్తి తగిలించి చూడండి

సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్‌ని మార్కప్‌లో, అంటే మామూలు టెక్స్ట్‌లోనే శీర్షిక, బోల్డ్, లింకు లాంటివాటికి గుర్తులు పెట్టి రాస్తారు. ఒక రీడ్‌మీ (ప్రాజెక్టు పరిచయ ఫైల్), ఇన్‌స్టాల్ చేసే పద్ధతి, నాలుగైదు పేజీల వాడుక వివరాలు చాలనుకుంటే మార్క్‌డౌన్ అనే తేలికపాటి మార్కప్‌తో కానివ్వండి. ప్యాచ్ (మార్పులు) పంపేవాళ్లు కొత్తగా నేర్చుకోవాల్సింది ఉండదు. అయితే 2004 నాటి అసలు మార్క్‌డౌన్‌లో పట్టికలే లేవు, తర్వాత ఒక్కో టూల్ ఒక్కో రకంగా చేర్చుకుంది. కాబట్టి కామన్‌మార్క్ అనే మార్క్‌డౌన్ ప్రామాణిక రూపానికి కట్టుబడి, అదనంగా వాడేవి ఏవో రాసిపెట్టుకోండి.

పేజీలు వందలకు చేరి, వాటి మధ్య లింకులు, ఫంక్షన్ల సూచిక కావాలంటే రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్ (ఇంకో మార్కప్), స్ఫింక్స్ (దాన్నుంచి పేజీలు తయారుచేసే టూల్) జోడీయే నయం. లినక్స్ కెర్నల్ 2016లో దీనికే మారింది. ఇందులో లింకును ఫైల్ పేరుకి కాక, ఆ చోటుకి మనం పెట్టుకున్న లేబుల్‌కి ఇవ్వొచ్చు. ఫైల్ చోటు మారినా తెగదు, లేబుల్ పోతే బిల్డ్‌లో (పేజీలు తయారయ్యేటప్పుడు) హెచ్చరిక వస్తుంది. హెచ్చరిక వస్తే బిల్డ్ ఆగేలా పెట్టండి, లేకపోతే ఎవరూ పట్టించుకోరు. మ్యాన్ పేజీలు (టెర్మినల్‌లో man కమాండ్‌తో చదివే సహాయం) ముఖ్యమైతే ఆస్కీడాక్ అనే మార్కప్ చూడండి. గిట్‌వి అందులోనే ఉన్నాయి.

తెలుగులో రాసినా, తెలుగులోకి అనువదించినా అసలు చిక్కు విభక్తులతో: గుర్తుల మధ్య పెట్టిన మాటకి ‘ను’, ‘కి’ లాంటివి అతకాలి. మార్క్‌డౌన్‌లో `గిట్`ను అని రాస్తే సరిగ్గానే వస్తుంది. రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్‌లో ``గిట్``ను అంటే కుదరదు: మూసే గుర్తు తర్వాత ఖాళీయో విరామచిహ్నమో ఉండాలి. ``గిట్``\ ను అని బ్యాక్‌స్లాష్, ఖాళీ పెడితే రెండూ అవుట్‌పుట్‌లో మాయమై విభక్తి అతుక్కుంటుంది. అనువాదకులకి ఇది మొదటిరోజే చెప్పండి. ఆస్కీడాక్‌లో ఒంటి గుర్తు బదులు జంట గుర్తులు వాడితే సరి.

మార్క్‌డౌన్‌కీ ఓ పేచీ ఉంది. **ఫైల్**ను బోల్డ్ అవుతుంది, **(ఫైల్)**ను కాదు. మూసే నక్షత్రాలకి ముందు బ్రాకెట్, వెనక అక్షరం ఉంటే కామన్‌మార్క్ వాటిని ముగింపుగా ఒప్పుకోదు. బ్రాకెట్లను నక్షత్రాల బయట పెట్టండి. _ఫైల్_ను కూడా పనిచేయదు, ఇటాలిక్‌కి నక్షత్రమే వాడండి.

రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్ శీర్షికల కింద గీత కంటి లెక్కతో గీయకండి. ‘ప్రారంభం’ మూడక్షరాలే, కానీ గుణింతాలు, సున్నాలు కలిపి ఏడు గడుల లెక్క. మూడు = గుర్తులే పెడితే శీర్షికగానే తీసుకోదు. గీత పొడుగైతే నష్టం లేదు, ఎప్పుడూ శీర్షిక కన్నా పొడుగ్గానే పెట్టేయండి.

మార్క్‌డౌన్ వదలకుండా స్ఫింక్స్ లింకులు కావాలంటే మిస్ట్ పార్సర్ (స్ఫింక్స్ మార్క్‌డౌన్‌ని చదివేలా చేసే ఎక్స్‌టెన్షన్) ఉంది. ఇప్పటికే రాసిన ఫైళ్లను ప్యాండాక్ అనే మార్పిడి టూల్‌తో మార్చుకోవచ్చు, పట్టికలు మాత్రం ఒక్కొక్కటీ తెరిచి చూసుకోండి.