ఐస్ బార్‌కి ఎలా వెళ్లాలి? చలికి బెదరకుండా చూసి రావడానికి కొన్ని మాటలు

గోడలు ఐసు, కౌంటరు ఐసు, చేతికిచ్చే గ్లాసు కూడా ఐసే. స్వీడన్ ఉత్తరాన, ఆర్కిటిక్ వలయానికి దాదాపు 200 కి.మీ. పైన, యుక్కస్‌యార్వి అనే చిన్న ఊరుంది. అక్కడి ఐస్‌హోటల్‌లోని బార్ గురించే ఈ మాటలు.

ముందు నెల ఎంచుకోండి. ఏటా చలికాలంలో ఐసుతో కట్టే ఈ హోటల్‌లో ఒక భాగం 2016 నుంచి ఏడాదంతా ఉంటోంది. వేసవి ఎండలోనూ దాన్ని సౌరవిద్యుత్తుతో చల్లగా ఉంచుతారు. అయినా నన్నడిగితే మార్చి మంచిది. డిసెంబరులో అక్కడ కొన్ని వారాలు సూర్యుడే కనిపించడు. మార్చిలో పగలు బాగా ఉంటుంది, పక్కనే టోర్నె నది మీద ఐసు కోయడం కూడా చూడొచ్చు. ఒక్కో దిమ్మ దాదాపు 2 టన్నులు. వాటిని వేసవంతా కోల్డ్ స్టోరేజీలో దాచి, వచ్చే చలికాలం కట్టడానికి వాడతారు. అంటే మీరు చూస్తున్న గోడ నిరుటి నది.

స్టాక్‌హోమ్ నుంచి దగ్గరి పట్టణం కిరునాకి విమానంలో గంటన్నర. స్టాక్‌హోమ్‌లోనే ఉద్యోగాలు చేసుకుంటున్న మన తెలుగువాళ్లయితే రాత్రి రైలెక్కినా బాగుంటుంది. కిరునా నుంచి ఊరు 20 కి.మీ. లోపే. రాత్రి బస చేయకపోయినా పగటి టికెట్‌తో చూడొచ్చు, ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. నగదు వాడకం అక్కడ చాలా తక్కువ కాబట్టి కార్డు తప్పనిసరి.

ఇక అసలు విషయం బట్టలు. లోపల మైనస్ 5 డిగ్రీల దగ్గర ఉంటుంది. లంబసింగిలో సున్నా దగ్గరి చలికే వణికినవాళ్లం, టెన్షన్ సహజం. కానీ జనవరిలో బయట మైనస్ 30 ఉన్న రోజు లోపలికి అడుగు పెడితే వెచ్చగానే అనిపిస్తుంది. ఒంటికి ఆనుకుని నూలు బనియన్ వద్దు, చెమట పీల్చి తడిగా ఉండిపోతుంది. సన్నటి ఉన్ని బనియన్, దానిపై స్వెటర్, పైన గాలి దూరని కోటు వేసుకోండి. రెండు జతల సాక్సులు ఇరికించి బూటు బిగిస్తే రక్తం సరిగా ఆడక కాళ్లు ఇంకా చల్లబడతాయి. ఒక్క ఉన్ని జత, కాస్త వదులు బూటు చాలు.

గ్లాసును గ్లవ్స్‌తోనే పట్టుకోండి. వట్టి చేత్తో పట్టుకుంటే వేళ్లు మొద్దుబారతాయి, ఐసు కరిగి జారిపోతుంది కూడా. మందు తాగితే వెచ్చగా అనిపిస్తుంది గానీ, చర్మం కిందికి రక్తం ఎక్కువ చేరి ఒంట్లో వేడి త్వరగా బయటికి పోతుంది. ఒక్క గ్లాసుతో ఆపేయండి. తాగనివాళ్లు పండ్లరసం అడగొచ్చు. 18 ఏళ్ల లోపువాళ్లకు మందు పోయరు.

ఫోన్ లోపలి జేబులో ఉంచండి, చలికి బ్యాటరీ త్వరగా పడిపోతుంది. కెమెరాను బయటికి తెచ్చేముందు ప్లాస్టిక్ కవర్‌లో మూసి పెట్టండి. వెచ్చటి గదిలోకి వెళ్లాక ఆవిరి కవర్ మీదే పడుతుంది, లెన్స్ మీద కాదు.

ఫొటోలయ్యాక ఫోన్ జేబులో పెట్టి, గోడకు దగ్గరగా నిలబడి ఒకసారి చూడండి. పారే నీళ్లు మెల్లగా గడ్డకట్టడం వల్ల అందులో బుడగలు దాదాపు ఉండవు, అద్దంలా అవతలి దీపం కనిపిస్తుంది. అక్కడక్కడా సన్నటి తెల్ల చారలుంటాయి. వాటి ముందు తొందరపడకండి.