భూసమీప గ్రహశకలాల వేట – 3వ పాఠం: నాలుగు ఫ్రేముల్లో ఒక చుక్క

గత పాఠంలో పిక్సెల్ స్కేలు, ఎక్స్‌పోజర్ లెక్క చూశాం. ఇప్పుడు మీ చేతిలో నాలుగు ఫ్రేములున్నాయి. అన్నీ ఒకే ఆకాశ భాగానివి. ఒక్కోదానికి 30 సెకన్ల ఎక్స్‌పోజర్, ఫ్రేముకీ ఫ్రేముకీ 12 నిమిషాల ఎడం. నక్షత్రాల మీద నక్షత్రాలు పడేలా వాటిని సరిచేసి బ్లింక్ చేస్తే, అంటే ఒకదాని వెంట ఒకటి గబగబా మార్చి చూస్తే, ఓ చుక్క జరుగుతోంది. అది నిజంగా ఆకాశంలో ఉన్నదేనా? ఉంటే మామూలు గ్రహశకలమా, భూమి దగ్గరికి వచ్చేదా? ఎంత దూరంలో ఉంది? మొదటి రెండిటికీ ఈ రాత్రే జవాబు దొరుకుతుంది. మూడోది ఒక్క రాత్రిలో, ఒక్క చోటి నుంచి తేలదు. ఎందుకు తేలదో కూడా చూద్దాం.

ముందు నకిలీలను ఏరేయాలి

కొత్తవాళ్లను అన్నిటికన్నా ఎక్కువగా మోసం చేసేది హాట్ పిక్సెల్, అంటే వెలుతురు పడకపోయినా మెరిసే కెమెరా పిక్సెల్. అది చిప్‌లో ఉన్నచోటే ఉంటుంది, మరి కదిలినట్టు ఎలా కనిపిస్తుంది? టెలిస్కోప్ ట్రాకింగ్ ఎంతో కొంత జారుతూనే ఉంటుంది. గంట సేపట్లో నక్షత్రాలు చిప్ మీద పదిహేను పిక్సెళ్లు ఒక వైపుకి జారాయనుకోండి. మీరు ఫ్రేములను నక్షత్రాలకు సరిపెట్టగానే నక్షత్రాలు నిలబడిపోతాయి, హాట్ పిక్సెల్ ఎదురు దిక్కుకి నడవడం మొదలుపెడుతుంది. వేగం మారదు, దారి వంకర పోదు, అచ్చం గ్రహశకలమే.

కనిపెట్టడం మాత్రం తేలిక. సరిచేయని అసలు ఫ్రేముల్లో ఆ చుక్క ఎక్స్, వై విలువలు చూడండి. నాలుగింటిలోనూ అవే అంకెలొస్తే అది హాట్ పిక్సెల్. ఇంకో ఆనవాలు: అదే వేగంతో అదే దిక్కుకి ఇంకో నాలుగైదు చుక్కలు నడుస్తుంటాయి. నివారణకు, అదే ఉష్ణోగ్రతలో అదే నిడివితో, టెలిస్కోప్ మూత వేసి తీసిన డార్క్ ఫ్రేమును ప్రతి ఫ్రేములోంచీ తీసివేయాలి. వేరే ఉష్ణోగ్రతలో తీసిన పాత డార్క్ వాడితే కొన్ని హాట్ పిక్సెళ్లు అలాగే మిగులుతాయి.

కాస్మిక్ కిరణం (అంతరిక్షం నుంచి వచ్చి చిప్‌కి తగిలే కణం) వేసే మచ్చ ఒక్క ఫ్రేములోనే పడుతుంది. కానీ మచ్చలు చాలా ఉన్నప్పుడు, మూడు ఫ్రేముల్లోని మూడు వేర్వేరు మచ్చలు యాదృచ్ఛికంగా ఒకే గీతలో పడవచ్చు. మూడు ఫ్రేములు చాలవనేది అందుకే.

కొలత

సాఫ్ట్‌వేర్ నక్షత్ర పట్టికతో ఫ్రేమును పోల్చి చుక్క స్థానాన్ని ఇస్తుంది. పట్టికగా గాయా (గాయా అంతరిక్ష టెలిస్కోప్ కొలిచిన నక్షత్రాల పట్టిక) వాడండి. మొదటి మూడు ఫ్రేముల్లో మనకు వచ్చినవి ఇవి (ఆర్‌ఏ అంటే ఆకాశంలో తూర్పు-పడమర స్థానం, డెక్ అంటే ఉత్తర-దక్షిణ స్థానం):

1వ ఫ్రేము: ఆర్‌ఏ 09 గం. 41 ని. 12.30 సె., డెక్ +12° 04′ 10.0″
2వ ఫ్రేము: ఆర్‌ఏ 09 గం. 41 ని. 15.58 సె., డెక్ +12° 04′ 46.1″
3వ ఫ్రేము: ఆర్‌ఏ 09 గం. 41 ని. 18.86 సె., డెక్ +12° 05′ 22.2″

ప్రతి 12 నిమిషాలకీ ఆర్‌ఏ 3.28 సెకన్లు పెరుగుతోంది. ఇది కాలపు సెకను. ఈ పనిలో సెకన్లు మూడు రకాలు: గడియారానివి, ఆర్‌ఏవి, ఆర్క్‌సెకన్లు. ఏది ఏదో ప్రతిసారీ పక్కన రాసుకోండి. ఆర్‌ఏ సెకన్లను 15తో గుణించి, ఆపైన డెక్ కొసైన్‌తో గుణించాలి: 3.28 × 15 × 0.978 = 48.1 ఆర్క్‌సెకన్లు తూర్పుకి. డెక్ 36.1 ఆర్క్‌సెకన్లు ఉత్తరానికి. రెండిటి వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే 60.1. అంటే నిమిషానికి 5 ఆర్క్‌సెకన్లు, ఈశాన్య దిక్కుకి. కొసైన్ మర్చిపోయినా ఇక్కడ పెద్ద తేడా తెలియదు. డెక్ 60 డిగ్రీల దగ్గర మర్చిపోతే మాత్రం తూర్పు వైపు వేగం రెట్టింపు కనిపిస్తుంది.

ఎక్స్‌పోజర్ సరిపోయిందా? నక్షత్రపు చుక్క వెడల్పు 3 ఆర్క్‌సెకన్లు అయితే, ఈ వేగంతో వస్తువు అంత దూరం జరగడానికి 36 సెకన్లు పడుతుంది. మనది 30. పరవాలేదు, చుక్క గీతగా సాగలేదు.

నాలుగో ఫ్రేము ఎందుకు తప్పింది

లెక్క ప్రకారం నాలుగో ఫ్రేములో ఆర్‌ఏ 22.14 సె., డెక్ 05′ 58.3″ రావాలి. వచ్చింది 22.47 సె., 05′ 58.1″. డెక్ సరిగ్గానే ఉంది, ఆర్‌ఏ మాత్రం 4.8 ఆర్క్‌సెకన్లు తూర్పుకి పోయింది.

ఇక్కడ తొందరపడి గడియారాన్ని తిట్టకండి. గడియారం తప్పితే చుక్క తన దారిలోనే ముందుకో వెనక్కో జరుగుతుంది, అంటే ఆర్‌ఏ, డెక్ రెండూ 48కి 36 నిష్పత్తిలో తప్పాలి. ఒక్క ఆర్‌ఏ తప్పి డెక్ నిలబడిందంటే చుక్క దారి తప్పి పక్కకి జరిగిందన్నమాట. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: వస్తువు ఓ మసక నక్షత్రం పక్కగా పోతోంది, మీ కొలత వలయం (సాఫ్ట్‌వేర్ చుక్క చుట్టూ గీసేది) వస్తువుని వదిలి ఆ నక్షత్రాన్ని పట్టుకుంది. గాయా పట్టికలో ఆ స్థానం తెరిచి చూడండి. అక్కడ నక్షత్రం ఉంటే ఆ కొలత పారేసి ఇంకో ఫ్రేము తీయండి. సగటు తీసి సర్దేయడం మాత్రం వద్దు. ఒక్క చెడ్డ కొలత చాలు, ఈ కొద్ది కొలతలతో కట్టే చిన్న కక్ష్యా ఖండాన్ని వంచేయడానికి.

సమయం

గ్రహశకలాల కొలతలను సేకరించే మైనర్ ప్లానెట్ సెంటర్‌కి పంపే సమయం ఎక్స్‌పోజర్ నడిమి క్షణానిది, అదీ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక కాలంలో). చాలా కెమెరాలు ఫైలు హెడర్‌లో రాసేది మొదలైన క్షణం. దాన్నే నడిమి క్షణంగా పంపితే 15 సెకన్ల తప్పు, మన చుక్కకి 1.25 ఆర్క్‌సెకన్లు. స్థానిక కాలాన్ని యూటీసీ అనుకుని పంపేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

మొదటి ఫ్రేము 18:02:10కి మొదలైంది. నడిమి క్షణం 18:02:25. రోజులో భాగంగా రాస్తే 64,945 ÷ 86,400 = 0.751678. ఆరో దశాంశం విలువ 0.086 సెకను, ఐదోది 0.86 సెకను. మెల్లగా నడిచే వాటికి ఐదు దశాంశాలు చాలు. చంద్రుడి దూరంలో, చూపుకి అడ్డంగా సెకనుకి 10 కి.మీ. వేగంతో పోయే వస్తువు నిమిషానికి సుమారు 320 ఆర్క్‌సెకన్లు జరుగుతుంది. దాని విషయంలో ఒక్క సెకను తప్పంటే 5 ఆర్క్‌సెకన్లకు పైమాటే. కంప్యూటర్ గడియారాన్ని రాత్రి మొదట్లో ఒకసారి సరిచేసి ఊరుకుంటే తెల్లారేసరికి జారిపోతుంది. ఇంటర్నెట్ ద్వారా గడియారాన్ని సరిచేసే ఎన్‌టీపీ నిరంతరం నడవాలి.

వేగం చెప్పేది, చెప్పనిది

ప్రధాన మేఖలలోని (అంగారక, గురు గ్రహాల కక్ష్యల మధ్య ఉన్న) గ్రహశకలం సూర్యుడికి ఎదురు దిక్కున ఉన్నప్పుడు నిమిషానికి సుమారు అర ఆర్క్‌సెకను వేగంతో పడమటికి జరుగుతుంది. మన ఫ్రేములు ఆ దిక్కువే అయితే, నిమిషానికి 5తో ఈశాన్యానికి పోయే చుక్క రెండు విధాలా అనుమానించదగ్గదే.

దూరం మాత్రం తెలియదు. అడ్డు వేగం (చూపుకి అడ్డంగా పోయే వేగం) సెకనుకి 10 కి.మీ. అయితే అది 2.5 కోట్ల కి.మీ. దూరంలో ఉన్నట్టు, 5 కి.మీ. అయితే 1.24 కోట్ల కి.మీ. దూరంలో ఉన్నట్టు. రెండిటికీ ఫ్రేముల్లో కనిపించేది ఒకటే కదలిక.

నెమ్మదిగా జరుగుతోంది కదా అని వదిలేయడమూ తప్పే. నేరుగా మనవైపు వచ్చే వస్తువుకి అడ్డు వేగం దాదాపు ఉండదు. 2019 జులై 25న సుమారు 70 వేల కి.మీ. దూరంలో దాటిపోయిన 2019 ఓకే అనే గ్రహశకలం అలాంటిదే. బ్రెజిల్‌లోని సోనియర్ అబ్జర్వేటరీ దాన్ని పట్టుకున్నది ఒక్క రోజు ముందు. పేరుకి ఓకే గానీ, అంతకుముందు పెద్ద సర్వేల ఫ్రేముల్లో పడి కూడా మెల్లని కదలిక వల్ల తప్పించుకుంది.

దూరం తేల్చేది పారలాక్స్, అంటే రెండు చోట్ల నుంచి చూసినప్పుడు వస్తువు స్థానంలో కనిపించే తేడా. 3,000 కి.మీ. ఎడంలో ఇంకో అబ్జర్వేటరీ అదే క్షణంలో చూస్తే, దగ్గరి దూరానికి చుక్క సుమారు 50 ఆర్క్‌సెకన్లు పక్కకి కనిపిస్తుంది, దూరపు దానికి 25. తేడా కొట్టొచ్చినట్టు ఉంటుంది. ఇందుకే మైనర్ ప్లానెట్ సెంటర్ డైజెస్ట్2 స్కోరు (భూసమీప వస్తువు అయ్యే అవకాశాన్ని చెప్పే అంకె) 65 దాటిన కొత్త వస్తువులను నిర్ధారణ పేజీలో పెట్టి అందరినీ చూడమంటుంది. మీరు పంపేముందు తెలిసిన గ్రహశకలాల జాబితాతో ఒకసారి సరిచూసుకోండి. అదీ మీ అబ్జర్వేటరీ స్థానానికి లెక్కించిన జాబితా కావాలి. వస్తువు 0.05 ఖగోళ ప్రమాణాల (ఒక ఖగోళ ప్రమాణం అంటే భూమికీ సూర్యుడికీ మధ్య సగటు దూరం) దూరంలో ఉంటే, భూకేంద్రం నుంచి లెక్కించిన స్థానానికీ మీకు కనిపించే స్థానానికీ దాదాపు 3 ఆర్క్‌నిమిషాల తేడా రావచ్చు. తెలిసిన వస్తువే కొత్తదిలా కనిపించేది చాలాసార్లు ఇలాగే.

అభ్యాసం

డెక్ −20° దగ్గర ఓ చుక్క. ఫ్రేముల మధ్య 10 నిమిషాలు. మొదటి నుంచి రెండో ఫ్రేముకి ఆర్‌ఏ 2.00 సె. తగ్గింది, డెక్ 15.0″ ఉత్తరానికి జరిగింది. రెండు నుంచి మూడుకి 1.80 సె., 13.5″. మూడు నుంచి నాలుగుకి 2.20 సె., 16.5″. వేగం, దిక్కు కట్టండి. మూడో ఫ్రేము తప్పు నక్షత్రానిదా, గడియారానిదా? గడియారానిదైతే ఎన్ని సెకన్లు, ముందుకా వెనక్కా? జవాబులు 4వ పాఠం మొదట్లో, ఆ తర్వాత భూమికి దగ్గరగా దాటిపోయే వస్తువుల పట్టికను చదవడం.