తెరపై వాక్యం ఒకే తీరుగా కనిపించాలంటే

ఆరాధనలో ప్రసంగం సాగుతుండగా తెరపై ఒక వచనం బొద్దు అక్షరాలతో, మరుసటిది చీమ తలకాయంత అక్షరాలతో, ఇంకొకటి వేరే ఫాంటుతో వస్తే సంఘంలోని వారి చూపు వాక్యం మీద నిలవదు. ఈ తేడాలకు చాలావరకు స్లైడులు చూపే కంప్యూటరు ప్రోగ్రాములోని అమరికలే కారణం.

మొదట చూడవలసినది, స్థలాన్ని బట్టి అక్షరాల పరిమాణాన్ని దానంతట అదే మార్చే సదుపాయం. అది పనిచేస్తున్నప్పుడు మూడే మాటలున్న యోహాను 11:35 తెర నిండా పరుచుకొంటుంది, ఎస్తేరు 8:9 వంటి సుదీర్ఘ వచనం మాత్రం వెనుక కూర్చున్న పెద్దవారికి ఆననంత చిన్నదైపోతుంది. దానిని ఆపివేసి, ఆఖరి వరుసలో నిలబడి చూసి ఒకే పరిమాణం ఖాయం చేసుకోండి. అందులో ఇమడని వచనాన్ని కుదించకుండా రెండు మూడు స్లైడులుగా విడదీసి, ప్రతి స్లైడు మీదా అధ్యాయ, వచన సంఖ్యలు ఒకే మూలన ఉండేలా చూడండి. ఎక్కడ విరవాలన్నది ప్రోగ్రాముకు వదలకూడదు. కీర్తనలు 119:105లో పంక్తిని "దీపమును" తరువాత విరిస్తే రెండు భాగాలూ అర్థవంతంగా నిలుస్తాయి. ఆ తరువాతి "నా" దగ్గర విరిస్తే కలిసి చదివే సంఘం తడబడుతుంది.

ఫాంటు విషయంలో తెలుగుకు ప్రత్యేకమైన చిక్కులున్నాయి. అను వంటి పాత ఫాంటుల్లో టైపు చేసిన పాఠాన్ని నేరుగా అతికిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి గనుక, ముందుగా దానిని యూనికోడ్‌లోకి, అంటే కంప్యూటర్లన్నీ గుర్తించే ప్రామాణిక అక్షర పద్ధతిలోకి మార్చుకోవాలి. నోటో సాన్స్ తెలుగు వంటి యూనికోడ్ ఫాంటును ఒకదానిని ఎంచుకొని, స్లైడులు తయారుచేసే కంప్యూటరులోనూ ప్రొజెక్టరుకు కలిపిన కంప్యూటరులోనూ ఇన్‌స్టాల్ చేయండి. రెండవదానిలో అది లేకపోతే మరో ఫాంటు ఆ చోటును ఆక్రమించి, మీరు సరిచేసిన పంక్తులన్నీ చెదిరిపోతాయి. ఇంగ్లీషుకు సరిపోయిన పంక్తుల ఎడం తెలుగుకు చాలదు. పై పంక్తి ఒత్తులు కింది పంక్తి గుడులను తాకకుండా ఎడం పెంచాలి.

అక్షరాల చుట్టూ మందపాటి అంచు గీత పెట్టడం చాలామందికి అలవాటు, కానీ తెలుగుకు అది హాని చేస్తుంది. ద, ధ లను వేరుచేసే చిన్న గీత ఆ మందంలో కలిసిపోతుంది. సూర్యోదయాలు, జలపాతాల బొమ్మల కంటే నిండైన ముదురు రంగు మీద తెల్లని అక్షరాలే నయం. బొమ్మ తప్పదనుకొంటే దానిని బాగా మసకచేయండి.

ఆరాధనలో పాటలు, వచనాలు తెరపై చూపడానికి ఉచితంగా లభించే ఓపెన్ ఎల్‌పీ అనే ప్రోగ్రాములో బైబిలు వచనాలకు విడిగా ఒక థీమ్‌ను, అంటే ఫాంటు, రంగు, నేపథ్యాల అమరికను కేటాయించవచ్చు. అయితే థీమ్‌ల అమరికలో, అన్నింటికీ ఒకే థీమ్‌ను వర్తింపజేసే గ్లోబల్ స్థాయి ఎంచుకొని ఉంటే ఆ ప్రత్యేక థీమ్ చెల్లదు, కాబట్టి రూపం మారలేదని విసుగు చెందే ముందు అక్కడ చూడండి. వాట్సాప్‌లో వచ్చిన వచన చిత్రాలను స్లైడుల మధ్య చొప్పించకండి. వాటిలోని అక్షరాలను సరిదిద్దే వీలుండదు, అనువాదం కూడా మీ సంఘం చేతిలో ఉన్న బైబిలుతో కలవకపోవచ్చు.

ప్రసంగీకులు వాక్యభాగాలను శనివారం సాయంత్రానికే ఇవ్వగలిగితే, స్లైడులన్నింటినీ మందిరంలోని కంప్యూటరు మీదనే ఒకసారి మొదటి నుండి చివరి వరకు నడిపి చూడండి.