ఫ్యానులో దాగిన దొంగ

నా ఆరేళ్ల ల్యాప్‌టాప్ పది నిమిషాలు పనిచేసి, పెనంలా కాలి, దానంతటదే ఆగిపోయేది. శనివారం బెంగళూరు ఎస్పీ రోడ్డులో, ప్రాసెసర్ వేడిని పైనున్న లోహానికి చేరవేసే థర్మల్ పేస్టు, చిన్న స్క్రూడ్రైవర్లు కొన్నాను.

ఆదివారం కబ్బన్ పార్కులోకి వాహనాలను రానివ్వరు. పొద్దున్నే అక్కడ సైకిలు తొక్కి, గుంటూరు మిత్రులిద్దరిని ఇంటికి తీసుకొచ్చాను. పెసరట్లు అయ్యాక ముగ్గురం పనిలో పడ్డాం. ఛార్జరు తీసి, అడుగు మూత విప్పి, ముందుగా బ్యాటరీ తీగ ఊడదీశాం. ఏ మర ఎక్కడిదో తెలియాలని అట్టముక్క మీద మూత బొమ్మ గీసి, మరలను ఆ చోటుల్లోనే గుచ్చాను.

అసలు దొంగ ఫ్యానుకూ రాగి గొట్టం చివరి రేకులకూ మధ్య దొరికాడు. దిండులో దూదిలా అణిగిపోయిన దుమ్ము! వేడిగాలి బయటికి పోయే దారే లేదు. ఫ్యాను రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని బ్రష్షుతో దులిపాను. ప్రాసెసర్ మీది పాత పేస్టు ఎండి పెచ్చులు కట్టింది. దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది బియ్యపు గింజంత పెట్టాను. “ఇంకొంచెం వెయ్యరా” అన్నాడు ఒకడు. ఆ సలహా నెయ్యికైతే సరిపోతుంది.

అంత బొమ్మ గీసినా ఒక మర మిగిలింది. రెండు గంటలు క్రికెట్ చూసినా ల్యాప్‌టాప్ ఆగలేదు కాబట్టి, దాన్ని పోపుల పెట్టెలో దాచాను.