పాత ప్లేస్టేషన్‌లో మాడ్‌చిప్, 4వ పాఠం: డిస్క్ ఎక్కట్లేదని చిప్ పీకేయకండి

పోయిన పాఠంలో మాడ్‌చిప్‌కి, అంటే వేరే దేశం డిస్కులు కూడా ఆడేలా సెట్ లోపల పెట్టే చిన్న చిప్‌కి, వైర్లు అతికించాం కదా, ఆ తర్వాత వచ్చిన ప్రశ్నలు దాదాపు అన్నీ ఒకటే. "వేరే దేశం డిస్క్ పెడితే తెల్ల స్క్రీన్ దాటి, ప్లేస్టేషన్ సీడీ పెట్టమని అడిగి ఆగిపోతోంది, చిప్ పోయిందా, ఇంకోటి కొనాలా" అని. కొనకండి. ఈసారి చెబుదామనుకున్న రంగుల సంగతి పక్కన పెట్టి ఇదే చూద్దాం.

ఒరిజినల్ డిస్క్‌లో లోపలి అంచు దగ్గర ట్రాక్ సన్నగా వంకరలు పోతుంది, ఆ వంకరల్లో నాలుగక్షరాలు దాచారు. జపాన్‌దైతే ఎస్‌సీఈఐ, అమెరికాదైతే ఎస్‌సీఈఏ, యూరప్‌దైతే ఎస్‌సీఈఈ. సెట్‌కి తన అక్షరాలు కనబడితేనే గేమ్ లోడ్ చేస్తుంది. మన చిప్ చేసేదల్లా ఆ అక్షరాలు వైరు మీద పంపడమే, లెన్స్ జోలికీ మోటార్ జోలికీ పోదు.

కాబట్టి సోల్డరింగ్ ఐరన్ ముట్టుకునే ముందు మూడు డిస్కులు పెట్టి చూడండి. మొదట పాటల సీడీ. దీనికి ఏ అక్షరాలూ అక్కర్లేదు, ఇది కూడా ఆడకపోతే తప్పు చిప్‌ది కాదు, లెన్సో, మూత బిగించేటప్పుడు సరిగ్గా కూర్చోకుండా పోయిన రిబ్బన్ కేబులో. తర్వాత మీ సెట్ దేశానిదే ఒరిజినల్ గేమ్. పాటలు ఆడి ఇది ఆడకపోతే ఆ అక్షరాలు పంపే డేటా వైరు ఒక్కటి ఊడదీసి డిస్క్ మళ్ళీ పెట్టండి, ఇప్పుడు ఆడితే మీ లెడ్ (వైరు అతికించే సోల్డర్) పక్క కాలికి, అంటే పక్క పిన్నుకి, తగిలింది, లేదా వైరు వేరే చోట పడింది. ఈ రెండూ ఆడి వేరే దేశంది ఒక్కటే ఆడకపోతే అప్పుడు చిప్ వైరింగ్ చూడాలి, అందులో నేను ముందు చూసేది గ్రౌండ్.

ఈ గ్రౌండ్ దగ్గరే అందరూ దెబ్బ తింటున్నారు, ఎన్నిసార్లు చెప్పినా వైరు ఆనించి లెడ్ చుక్క వేసి అయిపోయిందనుకుంటున్నారు. గ్రౌండ్ అంటే బోర్డంతా పరుచుకున్న రాగి, ఐరన్ వేడిని అది లాగేసుకుంటుంది, మీ లెడ్ పైపైన గుండ్రంగా గడ్డకడుతుంది గానీ రాగికి అంటుకోదు. సరిగ్గా పట్టిన అతుకు అంచులు పల్చగా పరుచుకుని మెరుస్తుంది, పట్టనిది ముత్యంలా పైకి నిలబడుతుంది. సన్న మొన వద్దు, ఉలి మొన వేయండి, 63/37 లెడ్ (తగరం 63, సీసం 37 పాళ్ళు), లెడ్ బాగా అంటుకోడానికి రాసే ఫ్లక్స్ దండిగా, 350 డిగ్రీలు. ముందు రాగిని వేడి చేసి దాని మీద లెడ్ కరిగించండి, ఐరన్ మొన మీద లెడ్ పెట్టి తెచ్చి రాయకండి. కరెంటు దారి ఉందా అని మల్టీమీటర్‌తో చూస్తే బీప్ అంది కదా అంటారు, అనదా మరి, మీరు ప్రోబ్‌తో వైరుని నొక్కి పెడుతున్నారు కాబట్టి అంటుంది! అతుకు మీద పెట్టకుండా ఒక ప్రోబ్ చిప్ గ్రౌండ్ కాలి మీద, ఇంకోటి స్క్రూ బొక్క చుట్టూ ఉన్న మెటల్ మీద పెట్టి, వైరుని చెక్క పుల్లతో అటూ ఇటూ కదపండి. బీప్ తెగిందంటే మళ్ళీ అతికించాల్సిందే. "ఓసారి ఆడుతోంది, ఓసారి ఆడట్లేదు" అన్నవాళ్ళు ఇక్కడే వెతకండి.

గ్రౌండ్ బాగుంటే ఏ వైరు ఎక్కడ పెట్టాలో చూపే డయాగ్రమ్ చూడండి. సెట్ వెనక స్టిక్కర్ నంబర్ నమ్మొద్దు, బోర్డు మీదే పీయూ-18, పీయూ-22 అని అచ్చేసి ఉంటుంది, దాని డయాగ్రమే వాడండి.

ఇంకో మాట, అమెరికా నుంచి బాబాయో మామయ్యో తెచ్చిన 1001 మోడల్ అయితే దాని పవర్ సప్లై 120 వోల్టులది, మన 230 ప్లగ్‌లో నేరుగా పెట్టకండి, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడండి.

ప్రాక్టీసు: పాడైన డీవీడీ ప్లేయర్ బోర్డు తీసుకుని 30 గేజ్ వైరుతో గ్రౌండ్ మీద ఇరవై అతుకులు వేయండి, ఒక్కోటీ మూడు సెకన్లు దాటకూడదు. తర్వాత వైర్లు పట్టుకుని బోర్డుని తలకిందులుగా వేలాడదీయండి. ఇరవైలో ఒక్కటి ఊడినా మళ్ళీ మొదటి నుంచి. ఇది అయ్యాకే సెట్ మూత తీయండి. వచ్చే పాఠంలో అమెరికా గేమ్ యూరప్ సెట్‌లో నలుపు తెలుపుగా ఎందుకు వస్తుందో చూద్దాం, అప్పటికి మీ బోర్డు నంబర్ రాసి పెట్టుకోండి.